విశాఖలో సముద్రం దగ్గర ప్రశాంతంగా ఉండాలంటే: లాసన్స్‌బే, కిర్లంపూడి, ఎంవీపీ, సాగర్‌నగర్‌లో ఏది?

రిటైరై విశాఖలో స్థిరపడదామనుకునేవాళ్లు, హైదరాబాద్ ట్రాఫిక్‌తో విసిగి ఇటు వచ్చేద్దామనుకునేవాళ్లు, అమెరికాలో ఉండి అమ్మానాన్నల కోసం ఇక్కడ ఫ్లాట్ చూస్తున్నవాళ్లు అందరూ అడిగేది దాదాపు ఒకటే. బీచ్ దగ్గరుండాలి, వీధిలో చెట్లుండాలి, గోల ఉండకూడదు. ఈ మూడూ ఒకేచోట దొరికే వీధులు విశాఖలో ఉన్నాయి గానీ, అవి చాలా తక్కువ. బ్రోకర్‌ని అడిగితే మాత్రం ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ప్రతి ఫ్లాటుకీ ఈ మూడూ ఉన్నాయనే చెబుతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రం కనిపించే ఇంటికి అదనంగా డబ్బు పోయకండి. సముద్రానికి పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే ఇల్లు చూసుకోండి. బీచ్ రోడ్డు మీదున్న మొదటి వరసకీ, దాని వెనకాల మూడో నాలుగో వీధికీ మధ్య దూరం మూడు నాలుగు వందల మీటర్లే ఉండొచ్చు. కానీ అక్కడి బతుకు వేరు, ఇక్కడి బతుకు వేరు. ఏ కాలనీ మంచిదనే ప్రశ్న కన్నా, ఆ కాలనీలో ఎన్నో వీధి అనే ప్రశ్నే ముఖ్యం.

ఎందుకంటే ఉప్పుగాలి. పాండురంగాపురంలోనో కిర్లంపూడిలోనో బీచ్ రోడ్డుకు ఎదురుగా ఉన్న పాత అపార్ట్‌మెంట్ ఏదైనా ఎక్కి, బాల్కనీ గ్రిల్ కింది అంచు చూడండి. పెయింట్ పొక్కులు లేచి ఉంటుంది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి, లోపలి నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. తలెత్తి పై స్లాబు అడుగు చూస్తే కొన్నిచోట్ల సిమెంటు ఊడిపోయి చువ్వలు బయటపడి ఉంటాయి. ఉప్పు తేమ కాంక్రీటులోకి దిగి, లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పైనున్న సిమెంటును నెట్టేస్తుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సముద్రం వైపు పెడితే దాని కాయిల్ తొందరగా దెబ్బతిని గ్యాస్ లీకవుతుంది. తలుపు బందులు, కుళాయిలు, బండి సైలెన్సర్, చివరికి పూజగదిలో ఇత్తడి కుందులు కూడా రంగు మారిపోతాయి. మూడు నాలుగు వీధులు లోపలికి వస్తే, మధ్యలో ఇళ్లూ చెట్లూ అడ్డుండటంతో ఈ బాధ చాలా తగ్గుతుంది. పూర్తిగా పోదు. విశాఖలో ఎక్కడున్నా ఉక్కపోత ఉంటుంది, ఉప్పు ఉంటుంది.

ఇంకో సంగతి. మీ బాల్కనీలోంచి కనిపించే సముద్రం సేల్ డీడ్‌లో ఉండదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, అంటే అందరూ సీఆర్‌జెడ్ అనేవి, పోటు రేఖ (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తాయి. కానీ బాగా కట్టుబడి అయిపోయిన నగర ప్రాంతాల్లో, ఇప్పటికే ఉన్న రోడ్డుకు భూమి వైపు అనుమతితో కట్టుకోవచ్చు. కాబట్టి ఈరోజు మీ ఎదురుగా పెంకుటిల్లు ఉంటే, రేపు అక్కడ అయిదంతస్తులు లేవొచ్చు. వ్యూ కోసం ఎక్కువిచ్చి కొన్నవాళ్లు ఎదురింటి పిల్లర్లు లేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఈ ఊళ్లో కొత్త కాదు.

లాసన్స్‌బే కాలనీ, పెదవాల్తేరు

ఈ నాలుగింట్లో నా మొదటి ఓటు దీనికే. ఒక పక్క వుడా పార్కు, ఇంకో పక్క శివాజీపాలెం, ఎంవీపీ, తూర్పున సముద్రం. ప్లాన్ ప్రకారం వేసిన లేఅవుట్ కావడంతో రోడ్లు తిన్నగా ఉంటాయి. పాత ప్లాట్లు పెద్దవి. ప్రహరీ లోపల కొబ్బరి, మామిడి, సపోటా, గేటు పక్కన గన్నేరో కాగితంపూలో ఉన్న డాబా ఇళ్లు ఇంకా మిగిలాయి. వాటిలో చాలామటుకు డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాయి, అది కళ్ల ముందు జరుగుతున్న సంగతే. అయినా లోపలి వీధుల్లో మధ్యాహ్నం రెండు గంటలకు నిలబడితే కాకి అరుపు, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ తప్ప పెద్దగా ఏమీ వినపడదు.

ఇక్కడి అసలు సౌఖ్యం పెదజాలరిపేట పక్కనుండటం. ఉదయం ఎండ కాస్త ముదిరేసరికి నెత్తిన అల్యూమినియం గిన్నెతో చేపలమ్మే ఆవిడ వీధిలోకి వస్తుంది. గేటు ముందు గిన్నె దించి, పైనున్న తడి గుడ్డ తీసి, కానాగంతల మొప్పలు ఎత్తి చూపిస్తుంది, లోపల ఎర్రగా ఉన్నాయో లేదో మనమే చూసుకోవాలని. బేరం తెగాక అక్కడే కత్తిపీట వేసుకుని పొలుసు గీకి, ముక్కలు కోసి ఇస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తెప్పల మీద వచ్చిన సరుకే ఉంటుంది, రేటు చెప్పుకోలేం. చేపలు తినని ఇంటివాళ్లు మాత్రం జాలరిపేట వైపు చివరి వీధులు తీసుకోకపోవడం మంచిది. ఎండబెట్టిన చేపల వాసన గాలివాటానికి వస్తుంది. అది వాళ్ల వృత్తి, వాళ్లు మనకన్నా ముందు నుంచీ అక్కడున్నారు. ఇల్లు కొనుక్కున్నాక ఫిర్యాదు చేయడం కన్నా ముందే చూసుకోవడం న్యాయం.

పెదవాల్తేరు పాత ఊరు. కరకచెట్టు పోలమాంబ అమ్మవారి గుడి చుట్టూ పెరిగిన ఊరది. వీధులు ఇరుకు, మెయిన్ రోడ్డు మీద హోరు ఎక్కువ, జాతర రోజుల్లో కారు తీయలేరు. కానీ కిరాణా, టిఫిన్ సెంటర్, మందుల షాపు, టైలర్, కరెంటు పని చేసే అబ్బాయి అందరూ నడిచే దూరంలోనే దొరుకుతారు. పెద్దవయసువాళ్లకు నేను చెప్పేది ఇదే: లాసన్స్‌బే కాలనీలో పెదవాల్తేరు వైపున్న వీధి చూసుకోండి. చెట్లూ దక్కుతాయి, ఊరూ దక్కుతుంది. డ్రైవింగ్ మానేసిన రోజున దీని విలువ తెలుస్తుంది.

రేటు సంగతి దాచక్కర్లేదు, ఇక్కడ ఎక్కువే. కొత్త ఫ్లాట్లు తక్కువ వస్తాయి, వచ్చినవి పెద్ద సైజువి. పాత ఫ్లాటు కొంటే పైన చెప్పిన స్లాబు పరీక్ష తప్పనిసరి. ఇంకో మాట, లాసన్స్‌బే తీరం నడకకి, కూర్చోవడానికి బాగుంటుంది గానీ ఈతకి పనికిరాదు. లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. సెలవులకొచ్చే మనవళ్లకి ముందే చెప్పి ఉంచండి.

కిర్లంపూడి లేఅవుట్

ఆంధ్రా యూనివర్సిటీకి, బీచ్ రోడ్డుకి మధ్యనున్న లేఅవుట్ ఇది. 1926లో ఏర్పడిన ఈ యూనివర్సిటీ క్యాంపస్ ఊరి నడిబొడ్డున మిగిలిన పెద్ద పచ్చదనం. దాని పక్కనుండటమే కిర్లంపూడి బలం. ఊరికి మధ్యలో ఉన్నట్టూ ఉంటుంది, సిరిపురం, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్, ఆర్టీసీ కాంప్లెక్స్ అన్నీ దగ్గర. పొద్దున్నే నడిచేవాళ్ల కోసం ఆర్కే బీచ్ వైపు కొంతసేపు వాహనాలు ఆపేస్తారు. ఆ సమయంలో ఖాళీ రోడ్డు మధ్యలో సముద్రం పక్కన నడవడం నిజంగా భోగం.

సాయంత్రానికి కథ మారుతుంది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం 2002లో, దాని ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం 2017లో వచ్చాయి. అరకు వెళ్లొచ్చే టూరిస్టు బస్సులన్నీ ఇక్కడ ఆగుతాయి. ఆదివారం సాయంత్రం పునుగుల బండి, మొక్కజొన్న పొత్తుల బండి, బెలూన్లు, హారన్లు. నేవీ డే విన్యాసాలు, విశాఖ ఉత్సవ్, కార్తీక పౌర్ణమి, డిసెంబర్ 31 లాంటి రోజుల్లో బీచ్ రోడ్డు మూసేసి ట్రాఫిక్‌ని లోపలి వీధుల్లోకి మళ్లిస్తారు. మీ గేటు ముందు ఎవరో కారు పెట్టి వెళ్లిపోతారు. యూనివర్సిటీ వైపున్న వీధుల్లో ఇది తక్కువ, కాబట్టి అక్కడ అద్దెకు దొరికితే ఆలోచించకుండా తీసుకోవచ్చు. ఆసుపత్రికి తరచూ వెళ్లాల్సినవాళ్లకి, సభలూ సంగీతం అంటూ సాయంత్రాలు బయటికెళ్లే అలవాటున్నవాళ్లకి లాసన్స్‌బే కన్నా ఇదే నయం. ప్రశాంతతే మొదటి కోరిక అయితే కాదు.

ఆర్కే బీచ్‌లో ఇసుక తగ్గిపోతోందని ఎవరైనా భయపెడితే అది పూర్తిగా పుకారు కాదు. డెబ్బైల్లో ఔటర్ హార్బర్ కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుకకి అడ్డుకట్ట పడింది. అందుకే పోర్టు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకని తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. అలల కోతకి రోడ్డు అంచు గోడలు విరిగిన సందర్భాలున్నాయి. లోపలి వీధుల ఇళ్లకి దీనివల్ల ప్రమాదమని నేననను. మొదటి వరస వద్దనడానికి మాత్రం ఇదీ ఒక కారణమే.

ఎంవీపీ కాలనీ

మువ్వలవానిపాలెం. నగరాభివృద్ధి సంస్థ వుడా సెక్టార్లుగా వేసిన కాలనీ. పిల్లలు చదువుకుంటున్న కుటుంబానికి, జీతం మీద బతికేవాళ్లకి నేనిచ్చే సలహా ఇది. స్కూళ్లు, కోచింగులు, బ్యాంకులు, ఇసుకతోట దగ్గర హైవే, కాస్త ముందుకెళ్తే హెల్త్ సిటీ ఆసుపత్రులు, అన్నిటికన్నా మిన్నగా రైతుబజారు. పొద్దున్నే వెళ్తే ఆనందపురం, పద్మనాభం వైపు పల్లెల నుంచి వచ్చిన కూరగాయలు మంచు తడితో ఉంటాయి. రైతుబజారు ధర బోర్డు చూసి కొనడం అలవాటైనవాళ్లు వేరే కాలనీకి మారితే నెల ఖర్చు దగ్గర తేడా చూస్తారు.

ఇక్కడ నిశ్శబ్దం సెక్టారును బట్టి కాదు, రోడ్డును బట్టి. డబుల్ రోడ్డుకి ఆనుకుని ఉంటే హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, బైకులు. రెండు మలుపులు తిరిగి పార్కు ఎదురుగా ఉన్న లైన్లోకి వెళ్తే, అదే కాలనీ అంటే నమ్మలేరు. ప్లాట్లు చిన్నవి కాబట్టి ఇంటికీ ఇంటికీ మధ్య చోటుండదు, చెట్లు వీధిలోనే ఉండాలి, లేదా పార్కులో. అప్పూఘర్ వైపు సెక్టార్ల నుంచి బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు. హైవే వైపు నుంచైతే బండి తీయాల్సిందే.

సాగర్‌నగర్, ఆ పైన

తెన్నేటి పార్కు దాటాక బీచ్ రోడ్డు కైలాసగిరి కొండని చుట్టి వెళ్తుంది. ఆ మలుపు దాటి జోడుగుళ్లపాలెం వచ్చేసరికి ఊరి చప్పుడు వెనకబడిపోతుంది. సాగర్‌నగర్ అక్కడుంది. ముందు సముద్రం, వెనకాల జూ పార్కు అడవి, దాని అవతల కంబాలకొండ అభయారణ్యం. చెట్ల మధ్య ఉండాలన్న కోరిక ఒక్కటే అయితే దీనికి సాటి లేదు. శీతాకాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖవాళ్లు ఆ గుడ్లు సేకరించి కంచెలో కాపాడి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. బీచ్ వైపు లైట్లు ఎక్కువైతే ఆ పిల్లలు దారి తప్పుతాయి. అక్కడ ఇల్లు తీసుకునేవాళ్లు సముద్రం వైపు ఫ్లడ్‌లైట్ పెట్టొద్దని నా మనవి.

కానీ రాత్రి ఎనిమిదింటికి జ్వరం మందు కావాలంటే? పనిమనిషి రాకపోతే? ఆటో దొరుకుతుంది గానీ అడిగినంత ఇవ్వాలి. భీమిలి వైపు వెళ్లే 900కె లాంటి సిటీ బస్సులున్నా, పెద్దవాళ్లు వాటి కోసం ఎండలో నిలబడలేరు. కారు నడిపే ఓపిక ఉన్న అరవై ఏళ్ల దంపతులకి సాగర్‌నగర్ బాగుంటుంది. ఎనభైల్లో ఉన్న తల్లిని ఒక్కర్తినీ అక్కడ పెట్టి విదేశాల నుంచి ఫోన్లో చూసుకుందామనుకుంటే వద్దు.

రుషికొండలో ఇల్లు కొనమని నేనెవరికీ చెప్పను. 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చిన బీచ్, రిసార్టులు, ఐటీ కొండలు, గీతం యూనివర్సిటీ. అద్దెలు బాగా వస్తాయి, అందుకే పెట్టుబడి పెట్టేవాళ్లకి ఇష్టం. వారాంతంలో అక్కడ నివాసం అంటే టూరిస్టుల మధ్య నివాసం. భీమిలి అందమైన పాత ఊరు, గడియార స్తంభం, డచ్చివాళ్ల సమాధులు, గోస్తనీ కలిసే చోటు, నెలకోసారి వెళ్లి రండి. ఉద్యోగమో ఆసుపత్రో విశాఖలో ఉన్నవాళ్లు అక్కడుండి రోజూ తిరగడం కష్టం.

నీళ్లు, చెట్లు, తీగలు

ఏ కాలనీ అయినా వాచ్‌మన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న నీళ్ల గురించే. ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని. మే నెలలో వారానికి ఎన్ని ట్యాంకర్లు పడతాయి? సముద్రానికి దగ్గరున్న చోట బోరు తోడేకొద్దీ ఉప్పునీరు భూమిలోకి చొచ్చుకొస్తుంది. ఒకప్పుడు తియ్యటి నీళ్లిచ్చిన బోరు ఇప్పుడు బకెట్ అడుగున తెల్లటి పొర మిగులుస్తుంది. విశాఖ తాగే నీరు తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు లాంటి జలాశయాల నుంచి వస్తుంది. కాబట్టి నగరపాలక సంస్థ జీవీఎంసీ కుళాయి రోజూ ఎంతసేపు వస్తుందో, అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఇళ్లకి ఎంత సంప్ ఉందో తెలుసుకోండి. ఒక సీసాలో బోరు నీళ్లు పట్టుకెళ్లి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపించండి. తాగడానికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుండటం మంచిది. 2000 దాటితే గిన్నెలు తోమడానికీ చిరాకే.

రెండోది చెట్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖలో నీడే లేకుండా పోయింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలికి వీధి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అద్దాల మేడలు బోసిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు మీకు కనిపించే పచ్చదనంలో ఎక్కువ భాగం ఆ తర్వాత నాటినదే. అందుకే వీధిలో చెట్టుందని సంతోషించి ఊరుకోకుండా అదేం చెట్టో చూడండి. వేప, కానుగ, కొబ్బరి, తాటి ఉన్న వీధి గాలిని తట్టుకుంటుంది. తురాయి పూలు కళ్లకి పండగే గానీ పెద్ద గాలికి మొదట విరిగేవాటిలో అదొకటి. మీ కారు దాని కిందే పెట్టాల్సి వస్తే ఆలోచించుకోవాలి.

చెట్టు మీద కరెంటు తీగ వెళ్తోందా అన్నది చాలామంది చూడరు. తీగలు పైనుంచి వెళ్లే వీధుల్లో వానాకాలం ముందు లైన్‌మన్లు వచ్చి కొమ్మలు నరికేస్తారు. వాళ్ల తప్పేం లేదు, గాలికి కొమ్మ తగిలితే వీధంతా చీకటి. హుద్‌హుద్ తర్వాత నగరంలో కొన్ని ప్రాంతాల్లో భూగర్భ కేబుళ్లు వేశారు. అలాంటి వీధిలో చెట్టు తన ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది, తుపానుకి కరెంటూ తొందరగా వస్తుంది. ఒకే రేటుకి రెండు ఇళ్లు నచ్చితే స్తంభాల మధ్య తీగలు లేని వీధి తీసుకోండి.

కాగితాలు, అద్దె

లాసన్స్‌బే, కిర్లంపూడి, ఎంవీపీలో పాత లేఅవుట్లు కాబట్టి చిక్కు ఎక్కువగా వారసుల మధ్య వాటాల్లో ఉంటుంది. ముప్పయ్యేళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), జీవీఎంసీ ప్లాన్, అందరు వారసుల సంతకాలు చూడాలి. సాగర్‌నగర్ దాటి భీమిలి వైపు స్థలం కొనాలంటే ఇంకా జాగ్రత్త. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మే ప్లాట్లకి లెక్కలేదు. లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (వుడాకి ఇప్పటి పేరు) అనుమతి నంబరు, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా 22ఎలో లేదన్న రుజువు, డి-పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన) భూమి కాదన్న నిర్ధారణ, ఫ్లాటైతే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు. ఈ నాలుగూ లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి, అమ్మేవాడు మీ మేనమామ అయినా సరే.

అసలు కొనేముందు ఒక ఏడాది అద్దెకుండటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. అగ్రిమెంటు పదకొండు నెలలకి ఎలాగూ రాస్తారు, అది ఏప్రిల్‌లో మొదలయ్యేలా చూసుకోండి. మొదటి రెండు నెలల్లోనే ఉక్కపోత ఎంత, ట్యాంకర్లు ఎన్ని అన్నది తేలిపోతుంది. వానాకాలంలో గోడల చెమ్మ, అక్టోబర్ నవంబర్‌లో తుపాను గాలికి కిటికీల్లోంచి నీళ్లు ఎక్కడ కారతాయో కనిపిస్తాయి. డిసెంబర్ ఆఖరి వారంలో వీధిలో బయటివాళ్ల కార్లు ఎన్ని ఆగాయో లెక్కపెట్టండి. ఫిబ్రవరి వచ్చేసరికి ఓనర్‌తో బేరానికి కూర్చోవడానికి మీ దగ్గర సరిపడా సంగతులుంటాయి.